మీ ఇంట్లో ఎలా చేస్తారమ్మా?

కొత్తకోడలు అత్తవారింట అడుగుపెట్టిన మొదటి వారం వంటింట్లో ఏం జరుగుతుందో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పప్పులో చింతపండు ఎప్పుడు వేయాలి, పోపులో ఇంగువా వెల్లుల్లా, మామగారికి మంచినీళ్లు ఏ గ్లాసులో ఇవ్వాలి - అన్నీ వరసగా అప్పగిస్తారు. పిల్ల తెలివైనదైతే నెల తిరక్కుండా నేర్చేసుకుంటుంది. అయితే కొన్ని ఇళ్లలో అత్తగారు గరిటె పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఎలా చేస్తారమ్మా?" అని ఒక్క మాట అడుగుతుంది. ఆ మాటతో ఆ పిల్ల ఆ ఇంటి మనిషైపోతుంది. అడగని ఇంట్లో కోడలు వంట నేర్చుకుంటుంది గాని, నోరు మరిచిపోతుంది.

సాహిత్యం పేజీలో ఈ వంటింటి గొడవేమిటంటారా? ఉంది. ఈ మధ్య నేను ఇంగ్లీషు వాచకాలు చదువుతున్నాను. పిల్లలకి పాఠం చెప్పటానికి కాదు, కథలు రాసుకునే మనిషిగా, పదిహేనేళ్ల పిల్లల చేతికి మనం ఏం కథలిస్తున్నామో చూద్దామని. విద్యావేత్తలు ఇప్పుడొక పెద్ద మాట వాడుతున్నారు - "సాంస్కృతికాంతర సామర్థ్యం" అట. మైకేల్ బైరమ్ అనే ఇంగ్లండు ఆచార్యుడు 1997లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. పరాయి భాష నేర్పటమంటే క్రియాపదాలు వల్లె వేయించటం ఒక్కటే కాదు, ఆ భాష మాట్లాడే మనుషుల అలవాట్లు, నమ్మకాలు తెలియాలి, వాటిని చూసి వెక్కిరించకుండా ఉండే మనసు కావాలి అంటాడాయన. అక్కడితో ఆగడు. తన అలవాట్లను కూడా పక్కింటివాళ్ల కళ్లతో ఒకసారి చూసుకోగలగాలి, అదే అసలు చదువు అంటాడు. అంటే అత్తగారి పాఠమూ ఉండాలి, అత్తగారి ప్రశ్నా ఉండాలి. మన వాచకాల్లో పాఠం ఉంది. ప్రశ్న ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఈ సంగతి మైదానంలో కూర్చుంటే అంతగా తెలియదు. అరకు కొండ ఎక్కితే తెలుస్తుంది.

అరకు అనగానే మనకి బొర్రా గుహలు, రైలు సొరంగాలు, బొంగులో చికెను, వలిసెపూల పొలాల్లో ఫోటోలు గుర్తొస్తాయి. అక్కడ బతికేవాళ్లు ఏ భాష మాట్లాడతారని ఎవరైనా అడిగితే, "తెలుగే కదా, కొంచెం యాసగా" అంటాం. కాదండీ. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఆ కొండల్లో కొండదొరల కుబి ఉంది, సామంతుల కువి ఉంది, గదబల భాష ఉంది. వీటన్నిటి మధ్యా రాకపోకలకి ఆదివాసీ ఒరియా ఉంది. కుబి, కువి మన తెలుగుకి దూరపు అప్పచెల్లెళ్లు, ద్రావిడ భాషలు. గదబల్లో ఒక తెగవాళ్లు మాట్లాడే గుతోబ్‌కి మనతో చుట్టరికమే లేదు, అది ముండా భాషల ఇంటిది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ కుబి మీద పనిచేసి 1969లో ఒక ఉద్గ్రంథమే అచ్చు వేయించారు. లోకంలోని భాషాశాస్త్రజ్ఞులకి తెలిసిన భాష, విశాఖపట్నం నుంచి రైలెక్కి వెళ్లే మనకి తెలియదు.

సంతలో మిరియాలు అమ్ముకునే ఆడమనిషిని కాసేపు నిలబడి చూడండి. వెంట వచ్చిన చెల్లెలితో ఒక భాష, పక్కన అల్లం పోసుకు కూచున్న వేరే తెగ ఆమెతో ఇంకో భాష, బేరగాడితో తెలుగు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ముఖం తిప్పుకోవాలో, ఎవరిని ఏ వరసతో పిలవాలో అన్నీ ఆమెకి తెలుసు. బైరమ్‌గారు పుస్తకం రాసి చెప్పిన నేర్పు ఇదే కదా! ఆమె కూతురు ఆ నేర్పుతోనే బడికి వస్తుంది. బడి ఆ పిల్లని "ఏమీ రాని పిల్ల" అని రాసుకుంటుంది.

మన పిల్లలకి ఇంగ్లీషు రెండో భాష. ఆ పిల్లకి ఇంటిభాష, సంతభాష, తెలుగు, హిందీ దాటాక వచ్చేది. ఆ ఇంగ్లీషు వాచకం ఆమెతో ఎలా మాట్లాడుతోంది అన్నదే నా విచారం.

2014లో వచ్చి, రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఏళ్ల తరబడి చదివిన పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం తీసుకుందాం. దాన్ని తీసిపారేయటానికి లేదు. మా రోజుల్లోలా పొగమంచూ, డాఫొడిల్ పూలూ మాత్రమే కాదు, రకరకాల దేశాలు, రకరకాల మనుషులు ఉన్నారు అందులో. ఎంపిక చేసినవాళ్లకి మంచి మనసుంది, చదువరి రుచీ ఉంది. ఎవరి ఇంట్లో చదువుతారని అనుకున్నారో అక్కడే చిక్కు.

అందులో "ది నెవర్ నెవర్ నెస్ట్" అని సెడ్రిక్ మౌంట్ రాసిన నాటిక ఉంది. జాక్, జిల్ అనే మొగుడూ పెళ్లాలు ఇల్లు, కారు, కుర్చీలు, బల్లలు అన్నీ వాయిదాల మీద కొంటారు. చూడవచ్చిన పిన్నిగారు ఆ ఇంట్లో ఏదీ పూర్తిగా వాళ్లది కాదని తెలుసుకుని హడిలిపోతుంది. చివరికి పసిబిడ్డ కూడా - డాక్టరుగారికి ఇంకో వాయిదా కడితే గాని - తమది కాదని తేలుతుంది. మన కాలనీల్లో ఫ్రిజ్జు, టీవీ, ఫ్లాటు అన్నీ వాయిదాల మీదే కాబట్టి మనవాళ్లు పకపకా నవ్వుతారు. కొండమీద పిల్ల నవ్వుతుందా? అప్పు అంటే ఆమె తాతకి ఫ్రిజ్జు కాదు. సంతలో సావుకారు ఇచ్చిన ఉప్పు, గుడ్డ; వాటికి బదులుగా పోయిన చింతపండు, కొన్నిచోట్ల భూమి. ఆ బాధ పడలేకే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఆ భూములు చేజారిపోకూడదనే 1970లో ఒకటి బై డెబ్బై చట్టం వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నచోట ఆ నాటిక చదివిస్తే అది హాస్యనాటిక కాదు, ఇంకేదో అవుతుంది. అవనివ్వండి! "మీ ఊళ్లో అప్పు ఎలా ఇస్తారు? వాయిదా తప్పితే ఏమవుతుంది?" అని అడిగితే ఆ తరగతి గది ఎంత మాట్లాడుతుందో! ఇంగ్లండు మధ్యతరగతికి అప్పు ఎందుకు నవ్వులాటయిందో, తమకెందుకు కాలేదో ఆ పిల్లలే తేల్చి చెబుతారు. సంస్కృతుల మధ్య తేడా తెలియటమంటే అంతకంటే ఏముంది?

"ది డియర్ డిపార్టెడ్" కూడా అంతే. తాతగారు పోయాడనుకుని కూతుళ్లు నల్లబట్టల కోసం హైరానా పడుతూ, ఇంకోపక్క ఆయన బీరువా, గడియారం సర్దేసుకోవటం, అంతలో తాతగారు లేచి రావటం - ఆ పేరాశ ఏ దేశానిదైనా ఒకటే. మన ఇళ్లలో నగల పెట్టెల దగ్గర చూడందా! అయితే చావు తంతు మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటిదే. ఎగువన కోరాపుట్ వైపు గదబలు పోయినవాళ్ల పేర రాళ్లు నిలబెడతారు. అటువంటి తంతులు చూసి పెరిగిన పిల్లని ఇంగ్లండువాళ్లు నల్లబట్టలెందుకు కడతారని మాత్రమే అడిగి, "మీరేం చేస్తారు?" అని అడగకపోతే పరాయి ఇంటి మైల ఒక్కటే నేర్పినట్టు.

ఇక ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన కథ "ది జర్నీ". రాసింది అరుణాచల్ ప్రదేశ్‌కి చెందిన యెషె దోర్జీ తోంగ్చీ. ఆయన గిరిజనుడు. రాసేది అస్సామీ భాషలో. చదువుకుని ఉద్యోగస్తుడైన కొడుకు సొంత ఊరొచ్చి తిరిగి వెళ్తున్నాడు. కొండదారిన నడవాలి. సామాను మోసే మనిషి దొరకడు. ముసలి తండ్రి ఆ బరువు తానే ఎత్తుకుంటాడు. కొడుక్కి మొయ్యటం చేతకాదు, తండ్రి మోస్తుంటే చూడటానికి సిగ్గు, ఎదురుపడ్డవాళ్లు ఏమనుకుంటారోనని ఇంకో సిగ్గు. చదువు మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో, ఎవరి భుజాలమీద తీసుకుపోతుందో ఇంత సూటిగా చెప్పిన కథ మరోటి చూడలేదు. మైదానం పిల్లలకి ఇది అరుణాచల్ కథ. అరకు పిల్లకి తన కథ.

మొన్న శీతాకాలంలో అటువైపు ఒక ఆశ్రమ పాఠశాలకి వెళ్లాను. పెద్ద తరగతుల ఆడపిల్లలతో ఈ కథ మాట వచ్చింది. "మీ నాన్న ఎప్పుడైనా మీ సామాను మోశారా?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేల చూపులు చూశారు. తర్వాత వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, హాస్టల్లో చేరిన రోజు వాళ్ల నాన్న రేకు పెట్టె, బియ్యం మూట కావిడి వేసుకుని ఘాటీ దిగాడని చెప్పింది. "గేటు దగ్గరికి రాగానే 'నువ్వెళ్లిపో' అన్నానండి. కావిడి చూసి పిల్లలు నవ్వుతారని" అంది. గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేది.

"మరి పరీక్షలో ఈ కథమీద ప్రశ్న వస్తే ఇది రాస్తావా?" అన్నాను.

ఆ పిల్ల నావైపు జాలిగా చూసింది. "అది గైడులో లేదు కదండీ!"

ఆ మాట వినగానే నాకు ఆ టీచరమ్మ మీద కోపం రాలేదు. ఆమె మైదానం నుంచి వచ్చిన మనిషి. ఎదురుగా నాలుగు ఇంటిభాషల పిల్లలు, నెత్తిమీద పూర్తి కావలసిన సిలబస్, ఏడాది చివర ఫలితాల లెక్క. ఆమె మాత్రం ఏం చేస్తుంది? పుస్తకం మంచి కథ ఇచ్చింది. పరీక్ష ఆ కథని తిరిగి లాక్కుంది. కొడుకు ఎందుకు సిగ్గుపడ్డాడో నాలుగు వాక్యాలు బట్టీపట్టిన పిల్లకి, తను ఎందుకు సిగ్గుపడిందో చెప్పుకునే చోటు లేదు. కథ చదివితే గుండె మీద బరువు కాస్త దిగాలి. ఇక్కడ ఇంకో మూట ఎక్కింది.

ఇప్పుడు మరో పుస్తకం చూద్దాం. సి.బి.ఎస్.ఇ. బళ్లలో చదివే పదో తరగతి ఇంగ్లీషు వాచకం "ఫస్ట్ ఫ్లైట్". ఏజెన్సీలోని ఏకలవ్య పాఠశాలలు కూడా ఈ దారివే. అందులో కూర్గు గురించి చిన్న వ్యాసం ఉంది. కాఫీ తోటలు, వానలు, కొండలు, వీరులైన మనుషులు, వాళ్ల పొడవాటి నల్లకోటు. వాళ్లు అలెగ్జాండరు సేనలో దారి తప్పి వచ్చిన గ్రీకుల సంతతి కావచ్చునన్న కథ ఒకటి. కొండల్లో కాఫీ తోటల నీడన పుట్టిన పిల్ల ఈ వ్యాసం చదివితే ఏమనుకుంటుందో ఊహించండి. కాఫీపండు ఎప్పుడు ఎర్రబడుతుందో, నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్టుకి మిరియాల తీగ ఎలా పాకిస్తారో ఆమెకి తెలుసు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా వ్యాసం రాసిన కళ్లు ఊరు చూడటానికి బయటినుంచి వచ్చినవాళ్ల కళ్లు. ఆ కళ్లకి కాఫీ అంటే పరిమళం. కోసే చేతులకి కాఫీ అంటే కూలి, చలి, జలగలు. ఒక జాతి అందంగా ఉంది, ధైర్యంగా ఉంది అంటే దానికి గ్రీకుల రక్తం ఉండి తీరాలా అని కూడా ఆ పిల్ల అడగవచ్చు. అడిగితే మెచ్చుకోవాలి. చీర, పండగ, వంటకం, వింత కథ - ఈ నాలుగూ పేర్చి "ఇదే వారి సంస్కృతి" అనటం రైల్వే స్టేషన్లో గోడమీద బొమ్మలాంటిది. చూడటానికి బాగుంటుంది. దానిమీద తలుపూ ఉండదు, కిటికీ ఉండదు.

ఇంగ్లీషు సంగతి సరే, తెలుగో? అక్కడే మనం కొంచెం తలదించుకోవాలి. ఆ పిల్లకి మన తెలుగు వాచకమూ పరాయి భాషా వాచకమే. ఇది మొదట కనిపెట్టినాయన మనకి బాగా తెలిసినాయనే - గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. మనం ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం చేసుకుని, వాడుక తెలుగు కోసం పోరాడారని దండ వేస్తాం. ఆయన రెండు పోరాటాలూ ఒకటే పోరాటం. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటకీ పుస్తకంలో మాటకీ మధ్య గోడ ఉండకూడదన్నదే ఆయన పట్టుదల. మన గోడ పడగొట్టించుకుని, సవర పిల్లల గోడ అలాగే ఉంచేశాం.

పూర్తిగా అలాగే ఉంచేశామంటే అన్యాయం. 2004 నుంచి మాతృభాషల్లో చదువు అనే పథకం కింద ఆదివాసీ ఒరియా, కువి, కొండ, సవర, కోయ వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతులకి వాచకాలు తెచ్చారు. మంచి పని. కానీ అవి చిన్న తరగతులతోనే ఆగిపోతాయి. ఏరు దాటించే పడవల్లా ఒడ్డున దించి వెనక్కి పోతాయి. హైస్కూలు చేరాక ఇంటిభాష ఊసు ఎవరూ ఎత్తరు. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్లన్నిటికీ ఇంగ్లీషు మాధ్యమం అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టివేసింది. తెలుగు కావాలని కొందరు, ఇంగ్లీషు కావాలని కొందరు ఎంత వాదులాడుకున్నాం! తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ రెండు పేజీల్లో ఏదీ తన ఇల్లు కాని పిల్ల ఒకతె ఉందని ఆ వాదంలో ఎవరికి గుర్తుంది?

2014 నాటి పదో తరగతి పుస్తకం చివర్లో ఒక మంచి కథ ఉంది. పేరు "వాట్ ఈజ్ మై నేమ్?" మీరు గుర్తుపట్టే ఉంటారు. పి.సత్యవతిగారి "ఇల్లలకగానే". ఇల్లు అలికి అలికి, తోమి తోమి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. మన వంటింట్లో పుట్టిన కథ ఇంగ్లీషు కట్టుకుని మన పిల్లల దగ్గరికి తిరిగొచ్చింది. మనం మురిసిపోతాం, మురిసిపోవలసిందే. కానీ కొండమీద ఆ కథకి ఇంకో అర్థం కూడా ఉంది. అక్కడ చాలా ఇళ్లలో పిల్లకి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. బడిలో చేరేటప్పటికి రిజిస్టరులో ఆ పేరు ఉండకపోవచ్చు, ఏ సినిమాతార పేరో ఉండొచ్చు. అమ్మ పిలిచే పేరు ఒకటి, హాజరు పిలిచే పేరు ఒకటి. "నా పేరేమిటి?" అన్న కథకి అంతకన్నా తగిన పాఠకురాలు ఎక్కడ దొరుకుతుంది? సత్యవతిగారి కథలో పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలవగానే ఆ ఇల్లాలికి ప్రాణం లేచొస్తుంది. బడిలో అలా పిలిచేవాళ్లెవరు?

"బాగుందమ్మా, ఇదంతా చెప్పుకోటానికి. వాళ్లకి కావలసింది ఉద్యోగం. ఇంగ్లీషు వస్తే వస్తుంది, లేకపోతే రాదు. సంతనీ, కావిడినీ పాఠంలో పెట్టి వాళ్లని కొండమీదే కూచోపెడతారా?" అనే వారున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారు. మన పిల్లల్ని కాన్వెంట్లకి పంపి వాళ్లని వద్దనటానికి మనమెవరం? నేననేది అది కాదు. జాక్, జిల్ ఉండాలి, తాతగారి నల్లబట్టలుండాలి, కూర్గు కూడా ఉండాలి. ప్రపంచం ఆ కొండల్లోకి ఎప్పుడో వచ్చింది. ఆ సొరంగాల రైలుదారిని 1960లలో జపానుకి ఇనుపరాయి పంపటం కోసమే వేశారు. కొండ తొలిచి రాయి పట్టుకెళ్లిన ప్రపంచాన్ని ఆ పిల్ల చదివి తీరాలి. కాకపోతే, వచ్చిన చుట్టంతో సమానంగా కూచుని చదవాలి. గుమ్మం పక్కన నిలబడి కాదు.

పైగా ఈ చదువు అవసరం ఆ పిల్లకంటే మన పిల్లలకే ఎక్కువ. మన పిల్లలు సెలవులకి అరకు వెళ్తారు, థింసా ఆడేవాళ్ల మధ్య దూరి ఫోటో దిగుతారు, వాళ్ల చీరకట్టు అద్దెకి తెచ్చుకు కట్టుకుంటారు. ఆ నాట్యం ఏ పండగకి ఆడతారని ఒక్కరూ అడగరు. ఇంగ్లండు తాతగారి గడియారం గురించి నాలుగు మార్కుల జవాబు రాయగలిగిన పిల్లకి, పక్క జిల్లా అమ్మమ్మ ఏ భాష మాట్లాడుతుందో తెలియదు. దీన్ని సామర్థ్యం అందామా?

దీనికోసం కొత్త కమిటీలు వేయనక్కర్లేదు. కథలు మార్చనక్కర్లేదు. ఉన్న పాఠాల చివర, పరీక్ష పేపరులో కూడా, ఒక ప్రశ్న పెట్టమనండి - పాఠంలో ఉన్న సంగతి మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎలా జరుగుతుందో రాయండి అని. తప్పుల ఇంగ్లీషులో రాసినా, మధ్యలో రెండు కువి మాటలు పడినా మార్కులు వేయమనండి. విశాఖపట్నం పిల్ల జవాబు, అరకు పిల్ల జవాబు వేరువేరుగా ఉంటాయి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి టీచరు చదివి వినిపిస్తే, బైరమ్‌గారు కోరిన చదువు ఆ రోజు ఆ గదిలో జరిగినట్టే. అన్నిటికన్నా పెద్ద లాభం, ఆ జవాబుని ఏ గైడు కంపెనీ అచ్చు వేయలేదు. రేకు పెట్టె మోసుకొచ్చిన నాన్న గురించి రాయటానికి ఆ వెనక వరస పిల్లకి ఒక ఖాళీ పేజీ దొరుకుతుంది.

రెండు మార్కులిచ్చినా చాలు.